దిగినవాళ్ళంతా ఇల్లు చేరాలి

కండక్టరుగారి నవలలోకి ఒకసారి అడుగుపెట్టిన మనిషి క్షేమంగా ఇల్లు చేరి, భోంచేసి, లైటు ఆర్పి పడుకుంటే తప్ప ఆయన కథని అంగుళం కూడా ముందుకి జరగనివ్వరు. ఆ మనిషి హీరో అయినా సరే, హీరోకి టైమెంతయిందో చెప్పి తన మానాన తను పోయే దారినపోయే దానయ్య అయినా సరే.

ఈ సంగతి అందరికంటే బాగా తెలిసింది టైపిస్టుకి. ఆవిడ సందు మొదట్లో ఉన్న జిరాక్స్ షాపులో కూర్చుని, పేజీకింత అని తీసుకుని, జనం రాసుకొచ్చిన కాగితాలు టైపు చేసిపెడుతుంది. అద్దె ఒప్పందాలు, ఉద్యోగానికి దరఖాస్తులు, పక్కింటివాళ్ళ మీద ఫిర్యాదులు. పొద్దుట్నుంచి సాయంత్రందాకా ఆవిడతో జనం అనే మాటలు రెండే. ఒకటి "ఎంతయింది?", రెండోది "కొంచెం తొందరగా". సాయంత్రం షట్టరు దించి, బస్సెక్కి, ఒంటి గదికి పోయి, చీకట్లో గోడ తడిమి స్విచ్చి వేసుకుంటుంది. వచ్చావా అని అడిగే మనిషి లేదు.

అలాంటి షాపుకి ఒక సాయంత్రం, సరిగ్గా కట్టేసే వేళకి, చంకలో కాగితాల కట్టతో ఒక పెద్దాయన వచ్చారు. తల ముగ్గుబుట్ట. ఎన్నాళ్ళో మోసిన తోలుసంచీ ఇప్పుడు లేకపోయినా, భుజం మాత్రం ఇంకా ఆ బరువుకి ఒకపక్కకి వంగే ఉంది.

"సిటీ బస్సులో ముప్పై ఏళ్ళు కండక్టరుగా చేశానమ్మా. చిన్నప్పట్నుంచీ నవల రాయాలని కోరిక. డ్యూటీలో ఊపిరాడలేదు. ఇప్పుడు డెబ్భై దాటాక ధైర్యం చిక్కింది. మొదలెట్టేశాను."

"ఎన్ని పేజీలు ఉంటుందండీ?"

"ఎక్కేవాళ్ళని బట్టి ఉంటుంది," అన్నారాయన.

నవల బ్రహ్మాండంగానే మొదలైంది. హీరో రైల్వే స్టేషన్లో బల్లమీద కూర్చుని హీరోయిన్ కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ అమ్మాయి వస్తే ఇద్దరూ ఊరొదిలి పారిపోవాలి. ఇంతలో టీ అమ్మేవాడొచ్చి "టీ కావాలా?" అన్నాడు. హీరో వద్దన్నాడు. ఇంకెవరైనా అయితే టీ అతన్ని అక్కడితో వదిలేసేవారు. కండక్టరుగారు అతని వెనకే వెళ్ళిపోయారు. దారిలో అతని సైకిలు పంక్చరైంది. పంక్చరు కొట్టు మూసేసి ఉంది. పంక్చర్లు వేసేవాణ్ణి ఇంటికెళ్ళి నిద్రలేపారు. అలా రెండో అధ్యాయమంతా సైకిలు తోసుకుంటూ తిరిగి, చివరికి టీ అతను "ఇల్లు చేరాడు. భోంచేశాడు. లైటు ఆర్పాడు" అని రాస్తేగానీ ఆయన మనసు కుదుటపడలేదు. మూడో అధ్యాయంలో పంక్చర్లు వేసేవాడు ఇల్లు చేరాడు. నాలుగులో వాడి అత్తగారు.

టైపిస్టు వేళ్ళు ఆగిపోయాయి. "ఈ అత్తగారు ఎక్కణ్ణుంచి ఊడిపడిందండీ?"

"టీ అతను తలుపు కొడితే తీసింది కదమ్మా."

"తీస్తే తీసింది. ఇంట్లోనే ఉన్న మనిషిని మళ్ళీ ఇల్లు చేర్చడమేమిటి?"

"అది అల్లుడిల్లు. ఆవిడిల్లు వేరే."

"మరి హీరో?"

"బల్లమీదే ఉన్నాడు."

"రెండొందల పేజీలైంది కండక్టరుగారూ! ఆకలెయ్యదూ అతనికి?"

ఆయన పాపం చాలా నొచ్చుకున్నారు. మర్నాడే హీరోకి రెండు అరటిపళ్ళు కొనిపెట్టారు. కానీ ఆ పళ్ళమ్మిన ముసలావిడ ఇల్లు ఊరికి ఆ చివర. ఆవిడకి ఇంకో అధ్యాయం పట్టింది.

అప్పట్నుంచి ఆయన షాపు మెట్లెక్కగానే, ఆస్పత్రిలో ఉన్న బంధువు గురించి అడిగినట్టు, టైపిస్టు "హీరో ఎలా ఉన్నాడండీ?" అని అడిగేది. "కూర్చున్నాడు. పడమటెండ కొడుతోంటే కాస్త నీడలోకి జరిపాను," అనేవారు ఆయన. ఒకసారైతే వాడిపోయిన మొహంతో వచ్చి, గొంతు తగ్గించి చెప్పారు.

"ప్లాట్‌ఫారం మీదికి రైలొచ్చిందమ్మా."

టైపిస్టు కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఎంతమంది దిగారు?"

"ఆపలేదు. సిగ్నలిచ్చి పంపించేశాను. అంతమందిని ఈ వయసులో నావల్ల కాదు."

కాగితాలిచ్చాక ఆయన అక్కణ్ణుంచే వెళ్ళిపోరు. ఆవిడ షట్టరు దించేదాకా నిలబడి, బస్టాపుదాకా కూడా వస్తారు. ఎందుకండీ అంటే నవల కోసం బస్సులు పరిశీలించాలట. ముప్పై ఏళ్ళు బస్సులోనే ఉన్న మనిషికి ఇంకా ఏం పరిశీలన మిగిలిందో! "పైగా మా ఇల్లూ అటే," అనేవారు. బస్సు రాగానే ఆవిణ్ణి ఎక్కించి, బస్సు రేకు మీద చేత్తో రెండు దెబ్బలు వేసి "రైట్ రైట్!" అని అరిచేవారు. అసలు కండక్టరు తెల్లబోయి చూసేలోపే డ్రైవరు పోనిచ్చేసేవాడు.

ఒక సాయంత్రం బస్సు ఆలస్యమైతే ఆవిడ అడిగేసింది. "టీ అతను ఇల్లు చేరితే మీకేంటండీ, చేరకపోతే మీకేంటి?"

"ముప్పై ఏళ్ళు మనుషుల్ని స్టాపుల్లో దించానమ్మా. వర్షంలో దించాను, చీకట్లో దించాను, చంటిపిల్లతో ఉన్నవాళ్ళని దించాను. దిగాక ఏమయ్యారో ఒక్కరి సంగతీ తెలీదు. నా గదికెళ్ళి పడుకుంటే వాళ్ళే గుర్తొచ్చేవాళ్ళు. మాట్లాడ్డానికి ఎవరూ లేరుగా, వాళ్ళు ఎలా వెళ్ళి ఉంటారో నాలో నేనే కథ చెప్పుకునేవాణ్ణి. నవల పిచ్చి ముదిరింది అక్కడే."

ఆ నవలతో టైపిస్టుకీ ఒక చిన్న బాధ ఉంది, కానీ బయటపెట్టడానికి సిగ్గు. పదో అధ్యాయంలో టీ అతని కొడుకు దరఖాస్తు టైపు చేయించుకోవడానికి ఒక షాపుకొస్తాడు. "టైపు చేసే ఆవిడ కాగితం ఇచ్చి, షట్టరు దించింది." అంతే. పిల్లవాడు ఇల్లు చేరాడు, భోంచేశాడు. టైపు చేసే ఆవిడ మాత్రం చేరలేదు. పదకొండో అధ్యాయంలో చేరుతుందేమో అనుకుంది. పన్నెండు, పదమూడు వెతుక్కుంది. అందరినీ గుమ్మందాకా దింపే మనిషి తననొక్కదాన్నే వీధిలో వదిలేశాడంటే, తానెవరికీ గుర్తుండని మనిషేనని రుజువైపోయినట్టు ఆవిడకి కష్టంగా ఉండేది.

అయినా ఆయన పుస్తకం అచ్చు కావాలని ఆయనకంటే ఎక్కువ కోరుకున్నదీ ఆవిడే. తనే కాగితాలన్నీ ఒక ప్రచురణకర్తకి పంపి, షాపు నంబరిచ్చింది. ఆ ప్రచురణకర్త ఫోన్ చేసి, "ప్రేమకథ బాగుంది. దానికి అడ్డొస్తున్న ఈ జనాన్నంతా తీసేస్తే వేస్తాను," అన్నాడు.

ఆ మాట చెబితే కండక్టరుగారు అదిరిపడ్డారు. "అంతమందినీ నడిరోడ్డు మీద దించెయ్యాలా?"

"అట్టమీద మీ పేరుంటుందండీ."

"నేను చూడలేను. మీరే దించెయ్యండమ్మా," అని ఆయన వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం బస్సుకి రెండు దెబ్బలు వేశారుగానీ, "రైట్ రైట్" అనలేదు.

టైపిస్టు మనసు రాయి చేసుకుని తీసెయ్యడం మొదలుపెట్టింది. టీ అతను పోయాడు, అత్తగారు పోయింది, పళ్ళావిడ పోయింది. అందరూ పోయాక మిగిలింది పద్దెనిమిది పేజీలు. అందులో ఒకడు బల్లమీద కూర్చుని అరటిపండు తింటున్నాడు.

అవి పంపితే, చూసి ప్రచురణకర్త దగ్గొచ్చేదాకా నవ్వాడు. తర్వాత ఏమనుకున్నాడో, ముందు పంపిన కట్ట మళ్ళీ తీసి మొత్తం చదివాడట. వారం తర్వాత ఫోన్ చేశాడు. "నేనూ ఒక్కణ్ణే ఉంటానండీ. వరసపెట్టి ఇంతమంది ఇళ్ళు చేరుతోంటే నా ఇంట్లో కూడా సందడిగా అనిపించింది. ఆ బల్లమీద అబ్బాయిని తీసెయ్యండి. మిగతాదంతా వేస్తాను."

ఈ కబురు చెబుదామంటే కండక్టరుగారి జాడ లేదు. మూడు రోజులైంది. ఫోనెత్తరు. ఆవిడ షాపు కట్టేసి, ఆయన చెప్పిన ప్రకారం బస్టాపు అవతలికెళ్ళి ఇల్లిల్లూ వాకబు చేసింది. ఎవరికీ తెలీదు. కాళ్ళీడ్చుకుంటూ వెనక్కొస్తే, షాపు పక్కనున్న చెప్పులు కుట్టే అతను నవ్వాడు. "కండక్టరుగారా? మీ షాపు వెనక గదేగా!"

నిజమే. సందు తిరిగితే మొదటి గుమ్మం. లోపల ఒక మంచం, ఒక కుర్చీ, గోడకి ఖాళీ తోలుసంచీ. ఆయన జ్వరంతో దుప్పటి కప్పుకుని ఉన్నారు.

"పుస్తకం వేస్తారటండీ! అందరినీ ఉంచుతారట. హీరోనే తీసెయ్యమన్నారు."

ఆయన దిగ్గున లేచి కూర్చున్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలోనే కంగారుపడ్డారు. "తీసేస్తే తీసేద్దాం. కానీ ముందు అతన్ని ఇంటికి పంపించాలమ్మా. పాపం, ఎన్నాళ్ళనించి కూర్చున్నాడు!"

"మరి ఆ అమ్మాయి?"

"ఆ పిల్లనీ పంపిద్దాం. వాళ్ళ ఇంటికి."

టైపిస్టుకి నవ్వొచ్చింది. నవ్వుతోనే ఇన్నాళ్ళూ దాచుకున్నది కూడా బయటికొచ్చేసింది. "అందరినీ పంపిస్తారు. టైపు చేసే ఆవిడే మీకు గుర్తు రాలేదు. షట్టరు దించి అక్కడే నిలబడి ఉంది."

కండక్టరుగారు వింతగా చూశారు. "గుర్తు లేకపోవడమేమిటమ్మా? ఆవిణ్ణి రోజూ నేనే బస్సెక్కిస్తున్నానుగా! మళ్ళీ కాగితం మీద కూడా దేనికి?"

ఆయన దుప్పటి తీసి పక్కన పెట్టి చెప్పులు వెతుక్కుంటున్నారు.

"ఎక్కడికండీ?"

"వేళైంది కదా. పదండి బస్టాపుకి."

"ఒళ్ళు కాలిపోతోంది మీకు! పడుకోండి. ఇవాళ నేనే వెళ్ళి, చేరాక చెబుతాను."

ఆవిడ పక్కింటివాళ్ళతో చెప్పి ఆయనకి మాత్ర వేయించి, ఒక్కతే బస్సెక్కింది. గది తలుపు తీసి, గోడ తడిమి స్విచ్చి వేసింది. వండుకుని తిన్నాక ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తారు.

"ఇల్లు చేరాను. భోంచేశాను. లైటు ఆర్పబోతున్నాను."



"దిగినవాళ్ళలో కబురు చెప్పినవాళ్ళు మీరే మొదలమ్మా," అన్నారాయన. "తలుపు గడియ వేసుకున్నారా?"

"వేసుకున్నానండీ."

"హమ్మయ్య! అయితే ఉండండి, ఇంక హీరోని బల్లమీంచి లేపుతాను."