బొజ్జ పట్టిన గుడారం

మా పిన్ని గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. కాబట్టి నేను నిష్పక్షపాతంగా మాట్లాడతానని ఎవరూ ఆశలు పెట్టుకోవద్దు.

పిన్ని అంటే మా అమ్మకు సొంత చెల్లెలు. పరదాల కార్ఖానాలో పని. దుకాణాల ముందు ఎండకూ వానకూ అడ్డంగా చాపే మందపాటి గుడ్డ పరదాలుంటాయే, అవి కుడుతుంది. ఆ గుడ్డ మడతపెడితే అట్టలా నిలబడుతుంది. మామూలు సూది దాని ముందు ఒక్క నిమిషం ఆగదు. పొడవాటి బల్ల మీద అవతలి మనిషి గుడ్డను తోస్తూ ఉంటే, పిన్ని మిషను మీదికి భుజాలతో సహా వంగి కుట్టుకుంటూ పోతుంది. ఆవిడ వేళ్ళ కొసలు నా మడమలకన్నా గట్టిగా ఉంటాయి. మా వీధి మలుపులో మందుల దుకాణం ముందున్న ఆకుపచ్చ పరదా ఆవిడ కుట్టిందే. పక్కన తెలిసినవాళ్ళుంటే చాలు, ఆ మాట చెప్పకుండా నేను ఆ మలుపు తిరగలేను.

ఇంతటి మనిషి పుట్టిన దగ్గర్నుంచి ఒక్క రాత్రి కూడా ఒంటరిగా పడుకోలేదు. చిన్నప్పుడు అక్కచెల్లెళ్ళందరికీ కలిపి ఒకటే గది. ఏ కాలు ఎవరిదో తెలిసేది కాదు. పెళ్ళయ్యాక బాబాయి గురక. తర్వాత పిల్లలు. అత్తగారు మంచాన పడ్డాక ఆ మంచం పక్కనే కింద పరుపు. ఇప్పుడు మనవడు. వాడు కథ చెబితే గానీ నిద్రపోడు, నిద్రపోయాక కూడా అమ్మమ్మ చెయ్యి వదలడు.

అలాంటిది ఒకరోజు భోజనాల దగ్గర, "వచ్చే శనివారం కొండ దగ్గరికెళ్ళి టెంటు వేసుకుని పడుకుంటాను. ఒక్కదాన్నే" అంది.

"ఎవరెవరు వెళ్తున్నారు?" అన్నాడు బాబాయి.

"ఒక్కదాన్నే అంటే ఎవరెవరు ఏంటండీ?"

ఇక చూడండి, ఇల్లు పీకి పందిరేశారు. కూతురు, "మేమేం తప్పు చేశామమ్మా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అల్లుడు పాములన్నాడు. బాబాయి దొంగలన్నాడు. ఉరుము ఉరిమితే మంచం కింద దూరే మనిషివి, నీకు కొండలెందుకన్నారు. అది మాత్రం నిజమే. మా అమ్మ ఫోన్ చేసి, "అంత ఇరుగ్గా ఉంటే మా ఇంటికి రావే, ముందు గది నీకిచ్చేస్తాను" అంది.

"మీ ఇంట్లో నువ్వుంటావు కదక్కా" అంది పిన్ని.

మా అమ్మ అలిగి రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. పిన్ని మాత్రం పట్టిన పట్టు వదల్లేదు. చివరికి బాబాయే దిగొచ్చాడు. "సరే వెళ్ళు. కానీ భయమేసి తీసుకెళ్ళమని ఫోన్ చేశావో, ఇక జన్మలో ఈ మాట ఎత్తకూడదు."

"ఎత్తను" అంది పిన్ని.

గుడారం ఆవిడే కుట్టుకుంది, కార్ఖానాలో మిగిలిన ముక్కలతో. పసుపు చార ఒకటి, ఎరుపు చార ఒకటి, నేలకు కూడా గుడ్డే. కుట్టు మీద కుట్టు వేసి, వాటి మీద మైనం రుద్దింది. పెరట్లో నాలుగు కర్రలు పాతి దాన్ని నిలబెట్టి చూపిస్తే నేను చప్పట్లు కొట్టాను. అందులో ఉన్న తప్పు నాకే కాదు, ఆవిడకీ తట్టలేదు. ఇన్నేళ్ళు పరదాలు కుట్టిన చెయ్యి కదా, పైకప్పును కూడా పరదాలాగే బల్లపరుపుగా చాపేసింది. పరదాకైతే ఇనప చట్రం ఉంటుంది, వాలు ఉంటుంది. అయినా వాన గట్టిగా కొడితే మధ్యలో నీళ్ళు నిలిచి గుడ్డ కిందికి వేలాడుతుంది. కార్ఖానాలో దాన్ని 'బొజ్జ పట్టింది' అంటారు. దుకాణంవాడు కింద నుంచి కర్రతో ఒక్క తోపు తోస్తే నీళ్ళన్నీ భళ్ళున వీధిలో పడతాయి, సరిగ్గా అటు వెళ్ళేవాడి నెత్తి మీద. పిన్ని గుడారానికి చట్రమూ లేదు, వాలూ లేదు.

శనివారం పొద్దున నేనూ బాబాయీ ఆవిడను కొండ కింద గుడారాలు వేసుకునే మైదానంలో దింపి వచ్చాం. అక్కడి గుడారాలన్నీ దుకాణంలో కొన్నవి, గుండ్రంగా ముద్దుగా ఉన్నాయి. మా చారల గుడారాన్ని చూసి ఎవరో నవ్వారు. నేను వాళ్ళకేసి ఎలా చూశానో నాకే తెలుసు.

మధ్యాహ్నం దాటగానే ఆకాశం నల్లబడింది. తర్వాత కుండపోత. ఊళ్ళోనే ఉరుములు అలా ఉన్నాయంటే, కొండ దగ్గర చెప్పేదేముంది. పిన్నికి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. బాబాయి ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. "ఆవిడ చెయ్యలేదు కదా, మనమెందుకు వెళ్ళడం?" అన్నాను. "నువ్వు ముందు కారెక్కు" అన్నాడు.

మేం చేరేసరికి వాన సన్నబడింది, ఇంకా వెలుతురుంది. గేటు దగ్గర కాపలాదారు గొడుగేసుకుని ఎదురొచ్చాడు.

"అందరూ వెళ్ళిపోయారండి. ఆవిడొక్కరే ఉన్నారు. మా గదిలోకి రమ్మంటే, ఇప్పుడు కదల్లేను, పనిలో ఉన్నానన్నారు."

ఈ వానలో ఏం పనో మాకు అర్థం కాలేదు. బురదలో పరిగెత్తాం. గుండ్రటి గుడారాలు రెండు చతికిలబడి ఉన్నాయి, వాటివాళ్ళు ఎప్పుడో కాళ్ళకు బుద్ధి చెప్పారు. మా చారల గుడారం మాత్రం నిలబడి ఉంది. చూస్తూ ఉండగానే దాని పైకప్పు మధ్యలో ఒక బుడిపె లేచింది, నీళ్ళు అటూ ఇటూ భళ్ళున జారాయి, బుడిపె మళ్ళీ దిగిపోయింది.

తలుపు గుడ్డ ఎత్తి చూద్దును కదా, లోపల పిన్ని టీ గిన్నె నెత్తిన బోర్లించుకుని కూర్చుని ఉంది.

"కర్రతో తోస్తే గుడ్డ చిరుగుతుందే" అంది, అదే మొదటి మాట. "గిన్నె అయితే నున్నగా ఉంటుంది. బొజ్జ పట్టడం, నేను లేవడం, బొజ్జ పట్టడం, నేను లేవడం. మధ్యాహ్నం నుంచి ఇదే."

"ఉరుములో?" అన్నాను.

"ఉరిమాయి. ఏడవడానికి తీరిక దొరకలేదు."

బాబాయి కుట్లన్నీ తడిమి చూశాడు. ఒక్క చోట కూడా కారలేదు. నేల పొడిగా ఉంది, పరుపు పొడిగా ఉంది. "భేష్" అన్నాడు. నాకు తెలిసి ఆవిడ పనిని ఆయన నోరారా మెచ్చుకోవడం అదే మొదలు. తర్వాత పరుపు చుట్టబోయాడు. "పద ఇక. గెలిచావు. ఇంటికి వెళ్దాం."

"నేను ఫోన్ చేశానా?"

"చెయ్యలేదు. కానీ..."

"నేను గెలవడానికి రాలేదండీ, పడుకోవడానికి వచ్చాను. ఇంకా పడుకోలేదు." ఆయన చేతిలోంచి పరుపు తీసుకుని మళ్ళీ పరిచింది. "ఆ కాపలా ఆయన్నడిగి ఒక పొడుగు కర్ర పట్రండి, మధ్యలో నిలబెడితే నీళ్ళు నిలవవు. ఇంతసేపూ వదిలి వెళ్ళలేక ఆగాను."

బాబాయి కర్ర తెచ్చాడు. చివర పాత గుడ్డ చుట్టి నిలబెడితే పైకప్పు గోపురంలా లేచింది.

"నేను తోడుంటాను పిన్నీ" అన్నాను. ఆవిడకు నేనంటే ప్రాణం, కాదనదనుకున్నాను.

నా తడి జుట్టు తుడిచింది. "నువ్వు కూడా వద్దే" అంది.

కారు దాకా చిన్నబుచ్చుకునే నడిచాను. కారెక్కాక వెనక్కి తిరిగి చూస్తే, అంత పెద్ద మైదానంలో ఆ ఒక్క గుడారంలో దీపం వెలుగుతోంది. మా పిన్ని! అనుకున్నాను. గర్వంతో ఏడుపొచ్చింది.

మర్నాడు ఎండెక్కాక వెళ్ళాం. తలుపు తాళ్ళు లోపలినుంచి ముడివేసే ఉన్నాయి. ఇంట్లో అందరికన్నా ముందు లేచే మనిషి ఇంకా లేవలేదు. పిలుద్దామని నోరు తెరిచాను. బాబాయి నా చెయ్యి పట్టుకుని ఆపాడు. రోజూ టీ కోసం ఆవిడను లేపే మనిషి, టీ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని తడి బండ మీద కూర్చున్నాడు.

నిన్న పారిపోయినవాళ్ళు సామాను కోసం మాట్లాడుకుంటూ వచ్చారు. బాబాయి వాళ్ళకు ఎదురెళ్ళాడు.

"కాస్త మెల్లగా మాట్లాడండి" అన్నాడు, గొంతు తగ్గించి, ఛాతీ విరిచి. "మా ఆవిడండీ. పడుకుంది."