ఎవరి పేరు చెబుతుందో

మా అత్తకి దిష్టి తీయడం వచ్చు. ఏడుపు ఆపని పిల్లల్ని, అన్నం మానేసిన పిల్లల్ని తల్లులు చంకనెత్తుకుని మా గుమ్మంలోకి తెచ్చేవారు. ఎండుచేపలు తిరగేస్తున్న ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, ఉప్పూ మిరపకాయలూ పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసి, నుదుట ఇంత విబూది పెట్టి పంపేది. ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే మా పల్లెలో అది ఎవరికీ వింత కాదు. నాకు మాత్రం మొదట్లో నవ్వొచ్చేది. నేను పుట్టి పెరిగింది నెల్లిమర్లలో. మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. పెళ్లయి ఇక్కడికొచ్చాక ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతున్నాను. నా భర్త ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ బోట్ల మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది నేనూ, అత్తా, నాలుగేళ్ల మా అమ్మాయీ.

ఆ వేసవిలో వెనక వీధి పిల్లకి జ్వరమొచ్చింది. రోజూ మా అమ్మాయితో ఆడుకునే పిల్లే. దాని తండ్రి మా అత్తకి మేనల్లుడి వరస. వేట నుంచి రాగానే "అత్తా, కూరకి సేప ఉంచుకో" అని గుమ్మంలో పెట్టి వెళ్లే మనిషి. తల్లి ఆ పిల్లని మా అత్త దగ్గరికి తెచ్చింది. అత్త దిష్టి తీసి, విబూది పెట్టి, మెడ కింద చెయ్యి వేసి చూసింది.

"గుంట ఒళ్లు కాలిపోతన్నాది. ఇది దిష్టి కాదే. బేగి ఆస్పత్రికి అట్టుకెల్లు" అంది.

ఆ మాట నేను మిషను ముందు కూర్చుని విన్నాను. వాళ్లు తగ్గుతుందేమోనని మర్నాటిదాకా చూశారు. శ్రీకాకుళం తీసుకెళ్తుంటే దారిలో ఫిట్స్ వచ్చి, పిల్ల ఆటోలోనే పోయింది. జ్వరం మెదడుకి ఎక్కిందని డాక్టరు చెప్పాడట.

పిల్లని పూడ్చిన రోజు ఊరంతా కలిసే ఏడ్చాం. ఆ తర్వాతే ఏదో మారింది. కుళాయి దగ్గర నేను బిందె పెట్టగానే ముందున్నవాళ్లు తమ బిందెలు తీసుకుని పక్కకి జరిగారు. కుట్టడానికి ఇచ్చిన గుడ్డల్ని ఒకరి తర్వాత ఒకరు వచ్చి, తొందరేమీ లేదులే అంటూ, కుట్టకుండానే పట్టుకుపోయారు. ఎవరూ నా మొహంలోకి చూడలేదు. చివరికి ఒకావిడని చెయ్యి పట్టుకుని అడిగితే, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మీ అత్త సిల్లంగి ఎట్టినాదంట. అందుకే గుంట పోయినాదంట."

చేతబడిని మా వైపు చిల్లంగి అంటారు. ఆ మాట వినగానే నాకు బొబ్బిలి దగ్గర మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు అక్కడొక ముసలాయన మీద ఇదే మాట పడింది. పళ్లుంటేనే మంత్రం పలుకుతుందని నమ్మకం. ఆయన పళ్లు రాలగొట్టారు. తర్వాత ఆయన్ని చూశాను. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉండేవాడు. కొట్టినవాళ్లు ఆయన ముందునుంచే, ఎప్పటిలాగే, పొలాలకి వెళ్తుండేవారు.

ఆ మధ్యాహ్నమే ఊరి వాట్సాప్ గ్రూపులోకి ఎవరో మాటలు రికార్డు చేసి పంపారు. పేరు చెప్పలేదు. "విబూది ఎట్టిన సెయ్యి ఏదో అందరికీ తెలుసు" అని మాత్రం ఉంది. అది విన్నాక తలుపు గడియ వేశాను. నా భర్తకి ఫోన్ చేస్తే అంత దూరం నుంచి ఏం చెయ్యాలో తోచక ఏడ్చేశాడు. నెల్లిమర్ల నుంచి మా అన్నయ్య బండి మీద వచ్చాడు. ముందు మా అమ్మాయిని ఎక్కించుకుని, ఆటో పిలుస్తాను మీరూ వచ్చెయ్యండి అన్నాడు.

అత్త కదల్లేదు. "పారిపోతే నిజమే అనుకుంటారు బాబూ. ఈ ఊరు ఒగ్గీసి నానెక్కడికెల్తాను? నువ్వెల్లే పిల్లా, నానుంటాను" అంది.

అమ్మాయిని అన్నయ్యతో పంపేశాను గానీ, ఆవిడని ఒక్కదాన్నీ వదిలి నేను వెళ్లలేకపోయాను. ధైర్యం వల్ల కాదు. వెళ్లాక ఏం వినాల్సి వస్తుందోనన్న భయం వల్ల.

మర్నాడు ఎండ నడినెత్తికి వస్తుండగా వాళ్లు వచ్చారు. ముందు ఇసకలో అడుగుల చప్పుడు వినిపించింది. కేకల్లేవు. కేకలు వేసి ఉంటే అంత భయం వేసేది కాదేమో. కిటికీలోంచి చూస్తే అన్నీ తెలిసిన మొహాలే. నేను కుట్టిన జాకెట్టు వేసుకున్న ఒకామె కూడా ఉంది. ముందు నిలబడింది ఆ పిల్ల తండ్రి. చేతిలో కర్ర లేదు, కత్తి లేదు. ఇంజను బాగుచేసేటప్పుడు వాడే పటకారు ఉంది. నా కళ్లు దాని మీదే ఉండిపోయాయి.

నేను లోపలి గదిలోకి వెళ్లి పోలీసులకి ఫోన్ చేశాను. వస్తున్నామన్నారు. బయటికి వచ్చేసరికి అత్త గుమ్మంలో నిలబడి ఉంది.

"నానేటి సేసినాన్రా?" అంది అతనితో. "ఆస్పత్రికి అట్టుకెల్లమని సెప్పినాను. నీ పెళ్లాన్నడుగు."

"నోరు ముయ్యి ముసల్దానా" అన్నాడు. అత్తా అని తప్ప పిలవని మనిషి. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిల్ల పోయాక నిద్రపోయినట్టు లేడు. "ఆ నోటితోనే నా గుంటని తినేసినావు."

వెనక నుంచి ఎవరో "ఇంకా మాటలేటి?" అని అరిచారు. గుంపు ముందుకి కదిలింది. నేను అత్త ముందుకి వెళ్లి నిలబడ్డాను. అప్పుడు ఊరిపెద్ద చెయ్యెత్తాడు.

"ఆగండ్రా. అమ్మోరి కాడ తేల్చుకుందాం. అమ్మోరు ఎవుల పేరు సెప్తే ఆలే."

అందరూ ఒప్పుకున్నారు. అతను నిజంగానే మమ్మల్ని కాపాడాలని ఆ మాట అన్నాడో, జరిగేదానికి అమ్మవారి పేరు పెట్టడానికి అన్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ మాటతో నాకు ఆశ పోయింది. ఎందుకంటే మా ఊళ్లో అమ్మవారు పూని మాట చెప్పే గణాచారి, చనిపోయిన ఆ పిల్లకి అమ్మమ్మ.

గుడి ఊరి చివర, పడవలు పెట్టుకునే చోటికి కాస్త ముందు ఉంటుంది. అత్తని ముందు నడిపించారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకునే నడిచాను. డప్పులు మొదలయ్యాయి. పిల్ల పోయిన దుఃఖంలో ముద్ద కూడా ముట్టని ఆ ముసలావిడని ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని తెచ్చారు. జుట్టు విప్పి, పసుపునీళ్లు పోసి, వేపమండలు చేతికిచ్చారు. ఆవిడ మా అత్తని చూసిన చూపు నేను చూశాను. అందులో జాలి లేదు.

డప్పు జోరెక్కింది. ఆవిడ ఊగడం మొదలుపెట్టింది. నేను రోడ్డు వైపు చూస్తున్నాను, జీపు వస్తుందేమోనని. రాలేదు. నేను కూడా ఆ అమ్మవారికే దణ్ణం పెట్టుకున్నాను. ఇంకెవరికి పెట్టుకోను? ఎవరి పేరు చెబుతుందోనని అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆవిడ నోటి నుంచి వచ్చే ఒక్క మాట మీద మా అత్త బతుకు ఉంది.

ఉన్నట్టుండి ఆవిడ పెద్దగా అరిచింది. డప్పులు ఆగాయి.

"ఎవుల్నిరా అడుగుతన్నారు? నానే తీసుకున్నాను! నా గుంటని నానే తీసుకున్నాను. ఏటి సేస్తారు నన్ను? రండి!"

ఎవరూ కదల్లేదు. పిల్ల తండ్రి ముందుకి వచ్చాడు. "నీకేటి తక్కువ సేసినామమ్మా? ఎందుకు తీసుకున్నావు?" అని అడిగాడు. మళ్లీ అడిగాడు. ముసలావిడ స్పృహ తప్పి పడిపోయింది. అతను చేతిలోని పటకారుని గుడి గోడకేసి బలంగా కొట్టి, అక్కడే కూలబడి ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అతని మీద నాకు జాలి వేసింది. అయినా దగ్గరికి వెళ్లలేకపోయాను.

కాసేపటికి జీపు వచ్చింది. ఏమీ జరగలేదని ఊరంతా ఒక్కమాటే చెప్పింది. నేనూ అదే చెప్పాను. వాళ్లు వెళ్లిపోయాక కూడా మేం ఆ ఊళ్లోనే ఉండాలి కదా.

సాయంత్రం కొందరు కొబ్బరికాయలు, అరటిపళ్లు తెచ్చి మా అత్త కాళ్లకి దణ్ణం పెట్టారు. అమ్మోరే నిన్ను కాసిందన్నారు. మధ్యాహ్నం ఇసకలో నడిచి మా గుమ్మంలోకి వచ్చింది వాళ్లే. దణ్ణం పెడుతున్న చేతులు చూస్తుంటే నాకు అప్పటికంటే ఎక్కువ భయం వేసింది.

మా అన్నయ్య ఫోన్లో చాలా కోప్పడ్డాడు. "ఈ దేవుళ్లూ పూనకాలూ లేకపోతే ఇదంతా ఉండేదేటే? మనుషుల్ని పాడుచేసింది ఇవే" అన్నాడు. చిల్లంగి అనే నమ్మకం లేకపోతే ఆ పటకారు మా గుమ్మంలోకి వచ్చేది కాదు. కానీ ఆ పటకారుని ఆపింది కూడా అలాంటి నమ్మకమే. నేను చేసిన ఫోను, అత్త చెప్పిన మాట, డాక్టరు చెప్పిన మాట ఏదీ ఆపలేదు. కూతుర్ని పోగొట్టుకున్న మనిషికి ఎవరో ఒకరు కావాలి. దేవుళ్లు లేని ఊళ్లో అతను ఇంకెవరిని వెతుక్కునేవాడు? ఇదే మాట అన్నయ్యతో అంటే, "నీకు భయం వేసి అలగ అంటున్నావు" అన్నాడు. అది నిజమే. నేను ఆలోచించేదంతా భయంతోనే.

కొన్నాళ్లకి గణాచారి ఒక్కతే వల దగ్గర కూర్చుని కనిపించింది. భయపడుతూనే వెళ్లి అడిగాను, ఆరోజు ఆ మాట ఎవరు చెప్పారని.

ఆవిడ వల కళ్లు సరిచేస్తోంది. "నాకేటీ గురుతు నేదమ్మా" అంది. తలెత్తకుండానే మళ్లీ అంది: "నడిసొచ్చినంత సేపూ నా నోట్లో మీ అత్త పేరే ఉన్నాది."

ఆ పేరు నోట్లోంచి బయటికి రాకుండా ఆపినది అమ్మవారో, ఆవిడలోని మంచితనమో, మా అదృష్టమో. ఏదైనా, ఎంత సన్నటి దారం మీద మేం నిలబడ్డామో అప్పుడే తెలిసింది.

నా భర్త వచ్చాక నెల్లిమర్ల వెళ్లిపోదామని చాలా పోరాడాను. అత్త రానంది. ఆవిడని వదిలి వెళ్లలేక, అమ్మాయిని తెచ్చుకుని ఇక్కడే ఉంటున్నాం. అత్త దిష్టి తీయడం మానేసింది. ఎవరైనా పిల్లని తెస్తే, ఆస్పత్రికి వెళ్లమని గుమ్మం బయటినుంచే పంపేస్తుంది. పిల్ల తండ్రి మా వీధిలోంచి నడవడు. అమ్మవారి గుడికీ వెళ్లడు.

ఈమధ్య పండగకి అత్త గుడికి వెళ్లింది. నేను మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, తలుపు గడియ వేసుకుని ఇంట్లోనే ఉండిపోయాను. పొద్దు వాలాక తలుపు చప్పుడైంది.

"ఒసే, నానే. తలుపు తియ్యి" అంది అత్త.

"ఈ ఏడు అమ్మవారు ఏం చెప్పింది?" అని లోపలినుంచే అడిగాను.

"సేపలు బాగా పడతాయని సెప్పినాది. తియ్యే, ఎవులూ నేరు."

కిటికీలోంచి ఆవిడ వెనక వీధంతా ఒకసారి చూసుకుని, అప్పుడు తీశాను.