యాంటెన్నా లోపలా, బయటా

ఈ సాయంత్రం వీధి చివరి ఎస్టీడీ బూత్‌కు మా ఆయన ఫోన్ చేశాడు. దుబాయిలో చేపల పడవ మీద పని ఆయనకు. సముద్రంలో దారి చూపే జీపీఎస్ మిషను కొంటున్నారట. యాంటెన్నా మిషను లోపలే ఉన్న రకం చాలంటున్నాడట పడవ ఓనరు.

"మిషను పెట్టే గది మీద ఏమున్నది?" అని అడిగాను.

"ఇనుప రేకు."

"మనింట్ల టీవీ యాంటెన్నా రేకుల కింద పెడితే బొమ్మ వచ్చిందా? బయట పెట్టేదే కొనుమని గట్టిగ చెప్పు."

పక్కనే వింటున్న బూత్ ఆయన నవ్వాడు. "సిద్దిపేటల సముద్రమేడున్నదక్కా? నీకెందుకు గా ముచ్చట?"

"సముద్రం గీడ లేకపోతేంది, గాడున్నది నా మొగుడు," అన్నాను.

నేను చెప్పింది తప్పనేవాళ్లు, ముందు మీ ఇంటి యాంటెన్నా దించి మంచం కింద పెట్టండి. వార్తలు చూశాక వచ్చి మాట్లాడండి.