నింద వేసినవాళ్ళకి కథ లేదు

మా ఇంట్లో వినాయక చవితి కథ చదివేది నేనే. మా ఆయన పురుగుమందు డబ్బా మీది అక్షరాలు ఎంత చిన్నవైనా గడగడా చదివేస్తాడు గానీ, శమంతకోపాఖ్యానం అన్న మాట దగ్గరికి వచ్చేసరికి దగ్గు తెచ్చుకుంటాడు. అందుకే పెళ్ళయిన మొదటి చవితికే పుస్తకం నా చేతిలో పెట్టి తప్పుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా చదువుతున్నాను. అన్నేళ్ళూ ఆ కథలో నేను కృష్ణుడి పక్షమే. పాలలో చవితి చంద్రుడి నీడ చూసిన పాపానికి, ముట్టుకోని మణిని దొంగిలించాడని అనిపించుకున్నాడే అని ఆ ఘట్టం దగ్గర గొంతులో కాస్త తడి కలుపుకుని మరీ చదివేదాన్ని. మణి పోగొట్టుకుని ఆయన మీద నింద వేసిన సత్రాజిత్తు ఎలాంటి మనిషో ఆలోచించే అవసరం నాకెప్పుడూ రాలేదు. నిరుడు వచ్చింది.

మా పక్కింటావిడని నేను అక్కా అని పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు. ఇళ్ళ మధ్య నడుమెత్తు గోడ, చేల మధ్య ఒక గట్టు, అంతే. ఒంగోలులో పెరిగి ఈ వినుకొండ వైపు కాపురానికి వచ్చిన కొత్తలో నాకు పత్తి మొక్కకీ బెండ మొక్కకీ తేడా తెలిసేది కాదు. బెండ మొక్కలనుకుని పత్తి చేలో వంగి కాయల కోసం వెతికాను కూడా. ఆ సంగతి మా అత్తగారి చెవిన పడకుండా దాచింది అక్క. ఆ తర్వాత మిరప నారు నాటడం, పత్తి తియ్యడం, కూలివాళ్ళతో మాట్లాడే పద్ధతి, అన్నీ ఆవిడే నేర్పింది.

చవితి ముందు రోజు సాయంత్రం మేమిద్దరం సంచులు పట్టుకుని పత్రికి వెళ్ళేవాళ్ళం. ఇరవై ఒక్క రకాల ఆకులు కావాలి. ఉమ్మెత్త, జిల్లేడు, ఉత్తరేణి, వావిలి, రేగు అంటూ అక్క ఆకు పేరు చెబుతుంది, నేను కోస్తాను. గరిక దగ్గర మాత్రం ఇద్దరికీ నవ్వొచ్చేది. ఏడాదంతా కలుపు మందు కొట్టి, ఆడవాళ్ళని పెట్టి పీకించి, మా చేలో నీకు చోటు లేదు పొమ్మని తరిమే గడ్డి అది. ఆ ఒక్క రోజు ఎక్కడున్నావు తల్లీ అని గట్ల వెంట వంగి వంగి దేవులాడతాం. అసలు పండగ అర్థమే అదేమో అనేది అక్క. ఏడాదికోసారైనా కలుపు మొక్కని పేరు పెట్టి పిలిచి, దేవుడి పక్కన కూర్చోబెట్టాలట.

అలాంటి అక్కని నిరుడు మాఘమాసంలో నేను దొంగని చేశాను.

మిరపకాయలు కోసి కల్లంలో ఎండబోసే రోజులవి. కాయల కింద పరిచే మా టార్పాలిన్ పట్టా ఒకటి కనపడలేదు. పెద్దది, నీలం రంగుది, ఒక మూల బీడీ నిప్పు పడి చిల్లు ఉంటుంది. ఇల్లంతా వెతికాను. పక్క కల్లానికి వెళ్ళి చూస్తే అక్క కాయల కింద నీలం పట్టా, మూల చిల్లు. ఇంకేం కావాలి నాకు? మా ఊళ్ళో ఎవరి పట్టా చూసినా నీలమే, ఏ మగాడి నోట్లో చూసినా బీడీయే. ఆ లెక్కన ఊళ్ళో పట్టాలన్నీ మావే అయ్యుండాలి. ఈ తెలివి ఇప్పుడుంది. కోపం వస్తే నాకు నోరు ముందు నడుస్తుంది, బుర్ర తీరిగ్గా వెనకాల వస్తుంది. రంగు చెడిన తాలుకాయలు ఏరుతున్న కూలి ఆడవాళ్ళు ఎనిమిది మంది వింటుండగా, మా పట్టాకి కాళ్ళొచ్చి నీ కల్లంలోకి నడిచొచ్చిందా అక్కా అని గట్టిగా అడిగాను.

అక్క వాదించలేదు. కాయలన్నీ పక్కకి ఊడ్చి, పట్టా తీసి దులిపి, నాలుగు మడతలు పెట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. నేను తీసుకున్నాను. అన్న మాట కన్నా ఆ తీసుకోవడం తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ ఎక్కువ సిగ్గేస్తుంది. మూడో రోజున అకాల వాన పడింది. అక్క ఉన్న గోతాలూ పాత చీరలూ కప్పింది గానీ, ఆవిడ కాయ కొంత తడిసి తెల్లబడింది. నేను గోడ ఇవతల నిలబడి చూశాను. పట్టా తీసుకెళ్ళి ఇవ్వాలని చెయ్యి లాగింది, పొగరు అడ్డమొచ్చింది.

ఆ రోజు నుంచి మాటల్లేవు. అక్క బట్టలు ఆరేసే తీగని గోడ వైపు నుంచి తీసి దొడ్డి వెనక కట్టుకుంది. ఈ ఊళ్ళో నాకు పుట్టింటి మనిషిలాంటిది ఎవరన్నా ఉంటే ఆవిడే. పోగొట్టుకున్నానన్న దిగులు నాకు లోపల ఉంది. ఆ దిగులుని కూడా ఆవిడ మీద కోపంగా తిప్పుకుని ఏడు నెలలు నెట్టుకొచ్చాను.

చవితి వచ్చింది. పత్రికి ఒక్కదాన్నే వెళ్ళి వచ్చాను. పళ్ళెంలో పరిచిన ఆకులు చూసి మా ఆయన, మాచీపత్రి అనుకుని వయ్యారిభామ కోసుకొచ్చావే, దేవుడికి దురద పుట్టిస్తావా అన్నాడు. అప్పటికే ఉడుకుబోతుతనంతో ఉన్నానేమో, నువ్వు ముందు పాలవెల్లి దించు అని కసిరాను. వినాయకుడి మీద వేలాడదీసే ఆ చెక్క చట్రాన్ని మేము ఏడాది పొడవునా అటక మీద దాస్తాం. చవితి రోజున దించి, పసుపు రాసి, వెలక్కాయలూ మొక్కజొన్న కండెలూ కట్టి, మా చేలోంచి పూతతో ఉన్న పత్తి కొమ్మ ఒకటి తెచ్చి వేలాడదీస్తాం.

మా ఆయన స్టూలెక్కి పాలవెల్లి కిందికి అందించాడు. దాని చుట్టూ చుట్టి, పురికొసతో కట్టి ఉంది నీలం పట్టా. విప్పాను. మూల చిల్లు ఉంది.

ఆయన స్టూలు మీద నుంచి కిందికి చూశాడు, నేను పైకి చూశాను. అప్పుడు జ్ఞాపకం వచ్చింది. అంతకు ముందేడు చవితి అయ్యాక, పాలవెల్లికి చుట్టిన పాత చీరని ఎలుకలు కొరికేస్తున్నాయని, ఇంట్లో ఉన్నవాటిలో మంచి పట్టా చూసి నేనే చుట్టాను. నేనే ముడి వేశాను. ఆ ముడి నేను తప్ప మా ఇంట్లో ఎవరూ వెయ్యరు. అక్కడే నేల మీద కూర్చున్నాను. పండగ పూట ఇప్పుడెందుకులే, పూజ కానీ, తర్వాత చూద్దాం అన్నాడు మా ఆయన. ఆయన తర్వాత చూద్దామన్నది ఏదీ ఇంతవరకూ చూసింది లేదు.

పూజ కానిచ్చాను. పిల్లలు పుస్తకాలు పెట్టే చోట మా ఆయన మిరప విత్తనాల ప్యాకెట్టు పెట్టాడు, మందు కొట్టే మిషనుకి బొట్టు పెట్టాడు. అందరం చేతుల్లో అక్షింతలు పట్టుకుని కూర్చున్నాక నేను కథ ఎత్తుకున్నాను. మణి పోవడం, కృష్ణుడే తీశాడని సత్రాజిత్తు ఊరంతా చాటడం, అడవిలో అది దొరకడం. సత్రాజిత్తు సిగ్గుపడి క్షమించమన్నాడు అన్న చోట నాకే దగ్గొచ్చింది. మా ఆయన నీళ్ళు అందించి తల పక్కకి తిప్పుకున్నాడు. సత్రాజిత్తుకేం, మణితో పాటు కూతురు సత్యభామని కూడా ఇచ్చి సంధి చేసుకున్నాడు. నాకున్నది ఇద్దరూ మగపిల్లలే. అక్కకున్నదీ మగపిల్లలే.

ఈ కథ విని అక్షింతలు నెత్తిన వేసుకుంటే మన మీద పడే నీలాపనిందలు పోతాయంటారు. మనం వేసిన నిందల సంగతి ఏమిటని పుస్తకం వెనక అట్ట దాకా తిరగేశాను. మంగళహారతులు ఉన్నాయి, అంతే.

సాయంత్రం దాకా ఇంట్లో కాలు నిలవలేదు. వెళ్ళి అక్క గుమ్మం తొక్కే మొహం లేదు. అప్పుడు మా అమ్మమ్మ చెప్పిన సంగతి ఒకటి తట్టింది. పొరపాటున చవితి చంద్రుణ్ణి చూస్తే, పక్కింటి కప్పు మీద రాళ్ళు వేసి వాళ్ళ చేత తిట్లు తినాలట. ఆ తిట్లతో రాబోయే నింద ఏదో అక్కడికక్కడే తీరిపోతుందట. నాకు కావలసింది కూడా అదే. అక్క నోరు తెరవాలి, తిట్టయినా సరే నాతో ఒక మాట అనాలి. చీకటి పడుతుండగా కొంగులో గులకరాళ్ళు పోసుకుని గోడ దగ్గరికి వెళ్ళి, అక్కావాళ్ళ గేదెల రేకుల షెడ్డు మీద ఒకటి వేశాను. పలుకు లేదు. రెండోది వేశాను. గేదె అరిచింది. మూడోదానికి అక్క బయటికి వచ్చింది. యాభైకి దగ్గరపడ్డ ఆడమనిషి కొంగునిండా రాళ్ళతో నిలబడి ఉంటే చూసి, ఆవిడకి సంగతి అర్థమైంది.

"చంద్రుణ్ణి చూశావా ఏంది?" అంది.

ఏడు నెలల తర్వాత మొదటి మాట. చూశానక్కా అన్నాను. ఆవిడ తలెత్తి ఆకాశంలోకి చూసింది. పొద్దున్నుంచీ ముసురు పట్టి ఉంది. ఆ రోజు సూర్యుడే సరిగ్గా కనపడలేదు.

"తిట్టించుకుని దులుపుకుని పోదామని వచ్చావు. నేను తిట్టను" అంది అక్క. "ఏడు నెలలు నోట్లోనే పెట్టుకున్నా. పండగ పేరు చెప్పి ఊరికే అడిగితే ఇస్తానా?"

ఇక దాచలేకపోయాను. పట్టా మా అటక మీదే ఉందనీ, పాలవెల్లికి నేనే చుట్టి మరిచిపోయాననీ, తప్పంతా నాదేననీ ఏడుస్తూ చెప్పాను. కొంగులో రాళ్ళు కింద పడిపోయాయి. అక్క గోడకి ఆనుకుని అంతా విన్నది. కాయ తడిసిన సంగతి నేను ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"కాయదేముంది, పోతే పోయింది. నా చేలో పనికొచ్చిన ఆడోళ్ళు నేనెక్కడ తీస్తానోనని దూరంగా పెట్టుకున్నారే వాళ్ళ అన్నం క్యారేజీలు. అది కడుపులో పెట్టుకున్నా" అంది. "ఇప్పుడు నాకెందుకే చెప్పడం? నేను తియ్యలేదని నాకు తెలుసుగా. తెలియనోళ్ళకి చెప్పు."

మర్నాడు పొద్దున్నే వాళ్ళ చేలో మిరప నారు నాటుతున్నారని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఆనాడు కల్లంలో ఉన్న ఎనిమిది మందీ ఆ పనికి వస్తారు. నేను తెల్లారకముందే లేచి కుడుములు వండాను. ఆ ఎనిమిది మందిలో ఐదుగురు చర్చికి వెళ్ళేవాళ్ళు, దేవుడికి పెట్టినవి తినరు. అందుకని పిండి కొత్తగా కలిపి, పూజగది వైపు తీసుకెళ్ళకుండా గిన్నెలో సర్దాను. రెండు పట్టాలూ మడిచి చంకన పెట్టుకుని చేలోకి నడిచాను. మా ఆయన కూడా వస్తానన్నాడు. వద్దన్నాను. వద్దంటే ఆయన మొహం ఎంత వెలిగిపోయిందో చూడాలి.

ఆడవాళ్ళు అప్పటికే వంగి సాళ్ళ వెంట నాట్లు వేస్తున్నారు. అక్క గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడింది. నేను ఆవిడ పక్కన నిలబడి రెండు పట్టాలూ విప్పి చూపించాను. ఇది అక్కది, ఇది మాది, మాది మా ఇంట్లోనే ఉంది, అక్క దొంగతనం చెయ్యలేదు, నేను నోరు పారేసుకున్నాను అని చెప్పాను. దగ్గర్లో ఉన్న ముగ్గురు నడుములెత్తి చూశారు. వాళ్ళలో పెద్దావిడ, ఆ అమ్మ అట్టాంటిది కాదని మాకు అప్పుడే అనిపించింది, మీరు అంత గట్టిగా అన్నారు గనక నమ్మాం అంది. నాకు ఇక అక్కడి నుంచి వెళ్ళిపోవాలనిపించింది. కుడుముల గిన్నె గట్టు మీద పెట్టి అక్క వైపు తిరిగాను, అయిపోయిందా అన్నట్టు.

అక్క చెయ్యెత్తి చేను చివర చూపించింది. అక్కడ ఐదుగురు మా వైపు వీపు పెట్టి నారు నాటుకుంటున్నారు.

"వాళ్ళకి వినపళ్ళా. ఇంకోసారి చెప్పు" అంది.

మళ్ళీ చెప్పాను. ఈసారి ఆ రోజు కల్లంలో అరిచినంత గట్టిగా చెప్పాను. చేను చివర ఉన్నవాళ్ళు, గట్టు అవతల నీళ్ళు పెట్టుకుంటున్న వాళ్ళు, దారిన పోతున్న ట్రాక్టరు అతనితో సహా అందరూ విన్నారు. అప్పుడు మొదలుపెట్టింది అక్క, నన్ను తిట్టడం. చేలోంచి ఇల్లు చేరేదాకా ఆపలేదు, నేను ఆపమనీ అనలేదు.