మా యారాలి బొటనవేలు

మా యారాలు పోయిందని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఆమె కోసమే జావ కాస్తున్నాను. యారాలంటే తోడికోడలు, మా ఆయన అన్నగారి భార్య. వార్డులోకి ఇంటి తిండి పంపొచ్చని ముందురోజే చెప్పారు. ఫోన్ పెట్టేసి మా ఆయన పొయ్యి ఆర్పాడు. నేను మళ్లీ వెలిగించాను. సగం కాగిన జావను ఏం చెయ్యాలో తెలియక పూర్తిగా కాగనిచ్చాను.

ఇంకా నెల తిరగలేదు. సూరత్‌లో మేముండే గోడాదరాలో మా గల్లీవాళ్లు కనిపించినప్పుడల్లా "అక్కాచెల్లెండ్ల లెక్క ఉంటిరి" అంటున్నారు. ఉన్నాం, కాదనను. అక్కాచెల్లెళ్ల మధ్య ఉండేవన్నీ మా మధ్య ఉండేవి, కుళ్లుతో సహా. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఇలాంటివి పైకి చెప్పకూడదంటారు. అది దాస్తే నాకు రాయడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఆమె నన్ను ఇంట్లో వదిలేసి సముద్రం లోపలికి పోయి చూసి వచ్చింది. అది కూడా నా కూతురు పనిచేసే ఓడలో, నా కొత్త చెప్పులు వేసుకుని.

నేను పెళ్లయి సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చేనాటికి ఆమె ఇక్కడ పాతబడిపోయిన మనిషి. కార్ఖానాలో మరమగ్గాల పక్కనే కూర్చుని మేం ఆడవాళ్లం దారం కండెలు చుట్టేవాళ్లం. మగ్గాల చప్పుడులో చెవి దగ్గర అరిచినా వినపడదు. అందుకని అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ఆ సంగతి తెలియక మొదటిరోజే అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. ఇంటికి వచ్చాక ఆమె నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ భాష నేర్పింది. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే దారం తెగినట్టు. మీసం దువ్వితే యజమాని సేఠ్ వస్తున్నట్టు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే కండె అయిపోయినట్టు. బొటనవేలు పైకెత్తితే అంతా బాగున్నట్టు.

"నోరు ఇంట్ల పెట్టి రా చెల్లె. ఆడ దానితోని పని లేదు" అన్నది.

ఆ సైగలు కార్ఖానా దాటి ఇంటికీ వచ్చాయి. అత్తమ్మ ఎదురుగా కూర్చుని, అత్తమ్మ గురించే చేతులతో చెప్పుకునేవాళ్లం. "ఏందే, ఇద్దరికీ చేతులకు గజ్జి లేసిందా?" అనేది అత్తమ్మ. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తేవాళ్లం. ఈ ఊళ్లో నాకు దొరికిన మొదటి స్నేహం అది.

మా యారాలికి ఒక అలవాటుండేది. ఎవరి బట్టల మీద దారం వేలాడుతున్నా ఊరుకునేది కాదు. బస్సులో ముందు నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి జాకెట్టు దారం కూడా గోటితో పుటుక్కున తెంపేది. ఆ మనిషి గిరుక్కున తిరిగి చూస్తే, తెంపిన దారం చూపించి నవ్వేది.

ఆమెకు పిల్లలు లేరు. బావగారు కూడా తొందరగానే పోయారు. నాకు ఒక్కతే కూతురు. నాకు నీళ్లంటే భయం. పిల్లకు మాత్రం నీళ్లు కనిపిస్తే చాలు. నేను వద్దు వద్దంటున్నా మా యారాలే దాన్ని పొద్దున్నే ఈతకొలనుకు తీసుకుపోయి, గట్టు మీద తువ్వాలు పట్టుకుని కూర్చునేది. ఆ పిల్లే పెరిగి, సముద్రం లోపల ఈదడం నేర్చుకుని, మాల్దీవుల్లో ఒక ఓడలో ఉద్యోగానికి చేరింది. బంధువులు మెచ్చుకున్నప్పుడల్లా మా యారాలు అందరి ముందూ నాతో ఒకే మాట అనేది: "నువ్వు కన్నవు. నీళ్లల్ల నేనేసిన." నాకు ఒళ్లు మండేది. నిజమే కాబట్టి ఇంకా మండేది.

ఆ ఓడ పద్ధతి వేరు. ఎక్కినవాళ్లకు వారం పాటు తిండీ నిద్రా అందులోనే. నడిసముద్రంలో ఉంగరాల్లా గుండ్రంగా ఉండే పగడపు దీవుల మధ్య తిరుగుతూ, పూటకో చోట లంగరు వేస్తారు. వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని నీళ్లలోకి దిగుతారు. అలా దిగేవాళ్లను వెంట తీసుకుపోయి, జాగ్రత్తగా పైకి తేవడమే నా కూతురి పని. కరోనా వల్ల వచ్చేవాళ్లు తగ్గిపోయి, మొదటి లాక్‌డౌన్ దాటిన ఆ చలికాలంలో ఓడలో గదులు ఖాళీగా ఉన్నాయి. పనివాళ్ల ఇంటివాళ్లను తెచ్చుకోవచ్చని యజమాని ఒప్పుకున్నాడట.

"అమ్మా, నువ్వు, పెద్దమ్మ ఇద్దరు రండ్రి. మళ్ల ఇసొంటి మోకా రాదు" అన్నది ఫోన్‌లో.

నీళ్లంటే భయపడే నేను ఆ రోజు నుంచి కలలో కూడా నీళ్లే చూశాను. ఊరికి ఆ చివరున్న అడాజన్ దాకా పోయి కొత్త చెప్పులు కొన్నాను. విమానం ఎక్కాలంటే కరోనా పరీక్ష చేయించుకోవాలి. అంతకుముందే నేను ఒక పెళ్లికి పోయి వచ్చాను. నాకు ఉందన్నారు. ఆమెకు లేదన్నారు.

నన్ను గదిలో పెట్టి తలుపు వేశారు. ఆమె గల్లీలోకి వచ్చి నా కిటికీ కింద నిలబడింది.

"నేను గూడ పోను తియ్యి చెల్లె" అన్నది.

"నువ్వు పో అక్కా. నా కోసం ఆగుడేంది?" అన్నాను మర్యాదకు.

రెండోసారి వద్దంటుందని ఎదురుచూశాను. మనలో అదే కదా పద్ధతి. రెండుసార్లు వద్దనాలి, మూడోసారి బతిమాలించుకోవాలి. ఆమె అక్కడికక్కడే బొటనవేలు ఎత్తి చూపించింది. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చింది. నేను ఆశగా కిటికీ చువ్వలు పట్టుకున్నాను.

"చెల్లె, నీ కొత్త చెప్పులు ఊకెనే ఉంటయి గదా?" అన్నది.

జ్వరం నాకు, సముద్రం ఆమెకు. నోటికి ఉప్పూ కారం తెలియకుండా నేను మంచం మీద పడి ఉంటే, ఫోన్‌లోకి ఫొటోలు వచ్చి పడేవి. తల మీది కొంగు జారితేనే సర్దుకునే మా యారాలు మెడ నుంచి మడమల దాకా బిగుతైన నల్ల రబ్బరు డ్రెస్సులో నిలబడి, నా కూతురి భుజం మీద చెయ్యి వేసి నవ్వుతోంది. ఆ భుజం మీద ఉండాల్సిన చెయ్యి నాది. ఫొటోను పెద్దది చేసి ఆ చేతినే చూస్తూ పడుకునేదాన్ని.

"ఓడ ఎక్కంగనే అందరి చెప్పులు గంపల ఏయించుకున్నరు చెల్లె. వారం దాక వట్టి కాళ్లే!" అని ఫోన్ చేసి చెప్పింది. అంటే నా చెప్పులు మాల్దీవుల దాకా పోయి గంపలో పడుకున్నాయి. నాలాగే వాటికీ ఏమీ దక్కలేదని కొంచెం శాంతించాను.

తిరిగి వచ్చాక ఆమె నోటికి మూత పడలేదు. పాలవాడికి చెప్పింది, కూరగాయలామెకు చెప్పింది. మాస్కు కిందికి లాగి మరీ చెప్పేది. "ఇద్దరు చెరో కొస పట్టుకోని చీర దులుపుతరు సూడు, అట్ల రెక్కలాడిచ్చుకుంట పోయింది చెల్లె ఒక చేప." చెప్పిన ప్రతిసారీ ఆ చేప ఇంకాస్త పెద్దదయ్యేది. నాకు మాత్రం సరిగ్గా అప్పుడే పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి.

ఒక్క కథ మాత్రం నేనే అడిగి అడిగి చెప్పించుకునేదాన్ని, అందులో ఆమెకు నష్టం జరిగింది కాబట్టి.

ఈత రానిదని, మొదటిసారి దిగుతోందని, నా కూతురు ఆమెను లోతు లేని చోట చెయ్యి పట్టుకుని దింపిందట. "ఆడ ఎవ్వరు మాట్లాడరు చెల్లె. అన్ని చేతులతోనే. అచ్చం మన కార్ఖానానే!" అక్కడే వచ్చింది చిక్కు. నీళ్లలో వేళ్లతో సున్నా చుడితే బాగున్నట్టు. బొటనవేలు ఎత్తితే పైకి పోదామన్నట్టు. దిగేముందు అంతా చెప్పారు, ఆమె తల ఊపింది కూడా. లోపలికి పోయాక నా కూతురు సున్నా చుట్టి బాగున్నావా అని అడిగితే, ఈమె కండె అయిపోయిందనుకుంది. అంటే సిలిండర్‌లో గాలి అయిపోయిందేమోనని గుండె ఝల్లుమందట. ఊపిరి ఆడుతూనే ఉందని సర్దుకుని చుట్టూ చూసిందట. పసుపూ నీలం చేపల గుంపు మొహం పక్క నుంచే పోతోంది. ఆ సంతోషంలో కార్ఖానా సైగ చేసింది. బొటనవేలు బాగా పైకెత్తింది. నా కూతురు వెంటనే తనూ బొటనవేలు ఎత్తి, పెద్దమ్మను పట్టుకుని పైకి తీసుకొచ్చేసింది.

"అప్పుడే తెచ్చినవేందే! నేను మంచిగున్నదని చెప్పిన!" అని పైకి రాగానే అరిచిందట.

"నువ్వు మురిసినవని నాకు తెల్వదా పెద్దమ్మ? అయినా ఆ వేలు లేసిందంటే ఎందుకని అడుగుడుండదు. చూసినోళ్లు అదే వేలు తిరిగి చూపియ్యాలె, వెంట పైకి పోవాలె. రూల్ అది."

ఆ పూటకు ఇంక దిగనివ్వలేదు. అక్కడికి వచ్చేసరికి నేను పడీ పడీ నవ్వేదాన్ని. "ఏదీ, మళ్ల చెప్పు అక్కా" అనేదాన్ని. నా కుళ్లు తెలిసే ఆమె మళ్లీ చెప్పేది.

అప్పటి నుంచి ఆమె బొటనవేలు ఎత్తడం మానేసింది. "ఇగ పోదామన్నప్పుడే ఆ వేలు లేపుత" అని ఒట్టు పెట్టుకుంది. కూర ఎలా ఉందంటే వేళ్లతో సున్నా. చీర బాగుందా అంటే సున్నా. మేమిద్దరం ఇన్నేళ్లుగా మాట్లాడుకున్న భాషను వారంలో మార్చుకుని వచ్చి, నా వంటింట్లో నిలబడి నా కూతురి భాష మాట్లాడేది. సముద్రం కంటే నన్ను ఎక్కువ కాల్చింది ఆ సున్నానే.

ఇంత కుళ్లుకున్నా, ఆమె నాకు ఇచ్చింది కూడా చెప్పాలి. కరోనా తగ్గాక నాకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఒక ఆదివారం అందరం డుమస్ సముద్రపు ఒడ్డుకు పోయాం. నల్ల ఇసుకలో కాస్త నడిచేసరికి ఊపిరందక కూలబడ్డాను. ఆమె నా ఎదురుగా కూర్చుని, నా అరచేతిని తన పొట్ట మీద పెట్టుకుని, ఓడలో నేర్పినట్టు మెల్లగా గాలి పీల్చి వదిలింది. "బిగవట్టకు చెల్లె. వచ్చినంత రానియ్యి, పోయేది పోనియ్యి. ఊపిరి బిగవట్టుడొక్కటే తప్పన్నరు ఆడ." నా ఊపిరి ఆమె ఊపిరితో కలిసేదాకా చెయ్యి వదల్లేదు. తర్వాత టమాటా భజియాలు తింటూ ఎదురుగా ఉన్న మురికినీళ్లు చూపించింది.

"గా నీళ్లు గూడ ఇవే. జర దూరం పోవాలె, గంతే. మళ్ల చలికాలం మనిద్దరం పోదాం. నువ్వు ముందు దిగు, నీ ఎన్కనే నేనొస్త."

"నా చెప్పులు నేనే ఏసుకుంట" అన్నాను. ఆమె నవ్వి, నా మాస్కు అంచున వేలాడుతున్న దారం తెంపింది.

ఎండలు ముదిరేసరికి జబ్బు మళ్లీ విరుచుకుపడింది. ఈసారి ఆమెకు. మంచం దొరకడమే కష్టమైన రోజులు. దొరికాక లోపలికి ఎవరినీ రానివ్వలేదు. ఒక సాయంత్రం నర్సమ్మ దయతలచి వీడియో కాల్ కలిపింది. నేను, మా ఆయన ఒక ఫోన్ ముందు కూర్చున్నాం. ఓడ నుంచి మా అమ్మాయి కలిసింది. మొహానికి ఆక్సిజన్ మాస్కు, దాని వెనక మా యారాలు. మాట్లాడే ఓపిక లేదు. "మాసీ, హాథ్ ఊంచో కరో" అని నర్సమ్మ చెయ్యెత్తమన్నది.

ఆమె మమ్మల్ని చాలాసేపు చూసింది. మెల్లగా చెయ్యి లేపింది. సున్నా చుట్టలేదు. బొటనవేలు ఎత్తింది.

నిజం చెబుతున్నాను, నా గుండె పొంగిపోయింది. బాగుందన్నందుకు సగం. మిగతా సగం, ఆ ఓడ సైగ వదిలేసి మళ్లీ మా కార్ఖానా సైగకు వచ్చినందుకు. నా దగ్గరికి వచ్చినందుకు. మా ఆయన "మంచిగున్నదట!" అని కళ్లు తుడుచుకున్నాడు. నేను ఫోన్‌కు అడ్డంగా ముందుకు వంగి నా బొటనవేలు ఎత్తి చూపించాను. ఆమె కళ్లు మూసుకుంది, నిద్ర వస్తోందనుకున్నాం. ఆమెకేదైనా పంపాలని పొద్దున్నే లేచి జావ పెట్టాను.

విమానాలు ఆగిపోయి మా అమ్మాయి రాలేకపోయింది. పెద్దమ్మ పోయిన సాయంత్రమే ఫోన్ చేసింది.

"అమ్మా, పెద్దమ్మ వేలెత్తినప్పుడు నువ్వేం చేసినవు?"

"నేను గూడ ఎత్తిన. మంచిగున్నదని చెప్పింది గదనే."

అది ఏడుస్తూనే చెప్పింది. "నాకు చెయ్యి లేవలేదమ్మా. రోజు చేసే పనే, లేవలే. ఆగు పెద్దమ్మ, ఆగు అని అరచెయ్యి చూపిచ్చిన. ఆమె నన్ను చూడనే లేదు. నిన్నే చూసింది. నువ్వే జవాబిచ్చినవు." మళ్లీ తనే అన్నది, "నిన్ను చూస్తె కుళ్లైతున్నదమ్మా."

అది మన ఇంటి సైగనే అని నేను దానితో వాదించాను. నాకు చెప్పింది కాబట్టి నా భాషలోనే చెప్పిందన్నాను. పోదామన్నప్పుడే ఆ వేలు లేపుతానని ఆమె పెట్టుకున్న ఒట్టు నాకు గుర్తు లేక కాదు. గుర్తుంది కాబట్టే అంత గట్టిగా వాదించాను.

వేలు చూసినవాళ్లు వెంట పైకి పోవాలన్న రూల్ మాత్రం ఆమె పాటించనివ్వలేదు. ఈసారి కూడా నన్ను ఇంట్లోనే వదిలేసి తనొక్కతే పోయింది. ఈసారి పోనని ఒక్కసారైనా అనలేదు.

ఆ ఫోన్ తెర నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. పెద్ద గడిలో మాస్కు వెనక ఆమె, మెల్లగా లేచిన ఆమె వేలు. మూలన చిన్న గడిలో నేను, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ, ఆమె కంటే పైకి ఎత్తి పట్టుకున్న నా వేలు.