నేల మొద్దుగా ఉందన్న పెద్దమనిషి

మోటారు పందేల మీద నాకు ఎన్నడూ గౌరవం లేదు. బయలుదేరిన చోటికే తిరిగి తిరిగి రావడానికి అంత పెట్రోలు తగలెయ్యడం దేనికో నాకు ఈనాటికీ బోధపడలేదు. అయినా ఎనభైల మొదట్లో ఒక పందెం బాట తయారుచేసే పని నా నెత్తిన పడింది. పన్నెండు రోజులు చేశాను. ఆ పన్నెండు రోజుల డైరీ పేజీలూ నా దగ్గరున్నాయి. వాటిని ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను కాబట్టి కోపంలో కల్పించి చెబుతున్నానని ఎవరూ అనుకోనక్కర్లేదు. కోపం మాత్రం ఉంది.

అప్పట్లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం మైళ్ళకొద్దీ నేల చదును చేస్తున్నారు. నేను ఒక కాంట్రాక్టరు దగ్గర మట్టిపని సూపర్‌వైజరుని. మట్టి పొరలుగా పరిపించడం, నీరు పట్టించడం, రోలర్ తొక్కించడం నా ఉద్యోగం. ఊళ్ళో కార్లున్న పెద్దమనుషులు కొందరు కలిసి ఒక మోటారు క్లబ్బు పెట్టుకున్నారు. పెద్ద నగరాల్లో మట్టి బాట మీద కార్ల పందేలు జరుగుతున్నాయట, మన విశాఖకేం తక్కువ అనుకున్నారు. మా కాంట్రాక్టరు వాళ్ళతో టెన్నిస్ ఆడేవాడు. ఆ స్నేహానికి నేల చెక్కి చదును చేసే గ్రేడరునీ, రోలర్‌నీ, నీళ్ళ టాంకరునీ, వాటితోపాటు నన్నూ అరువిచ్చాడు.

గాజువాక దాటాక ఒక ఖాళీ బీడు చూశారు. కోడిగుడ్డు ఆకారంలో బాట గీయించుకున్నారు. క్లబ్బు కార్యదర్శి మొదటిరోజు తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు వేసుకొచ్చాడు. ఎర్రమట్టిలోకి తెల్ల బూట్లతో దిగే మనిషిని చూస్తే నాకు ఆ పూటే చాలా సంగతులు తెలిసిపోయాయి. పేరున్న కుటుంబం, ఓడరేవులో వ్యాపారం. చదువంతా ఎక్కడో హాస్టళ్ళలో. తెలుగు బాగానే మాట్లాడేవాడు కానీ అది భోజనాల బల్ల దగ్గర నేర్చుకున్న తెలుగు.

"రోడ్డు రోలర్ ఎక్కించేస్తే రెండు రోజుల్లో అయిపోతుంది కదండీ?" అన్నాడు.

"అవదండి," అన్నాను. కారణాలు చెప్పబోతే వాచీ చూసుకున్నాడు.

మట్టి బాట అంటే ఉన్న మట్టి మీద కార్లు తోలడం కాదు. గడ్డి వేళ్ళతో సహా పెకలించాలి. జానెడు లోతు దున్నించి రాళ్ళు ఏరించాలి. ఆ బీడులో గరుకు ఎర్రమట్టి తప్ప అంటుకునే గుణం లేదు. అందుకని దగ్గర్లోని ఒక ఎండిన చెరువు నుంచి బంకమట్టి తోలించి కలిపించాను. మలుపుల్లో లోపలి అంచు దిగువగా, బయటి అంచు ఎగువగా ఉండేలా వాలు పెట్టించాను. ఇదంతా కొలతలతో జరిగే పని. కొలతలకు అందని పని ఒకటే, తడి.

ఆ తడి సంగతి నాకంటే బాగా మా టాంకరు డ్రైవరుకు తెలుసు. ఆనందపురం దగ్గర రెండెకరాల మెట్ట ఉన్న రైతు. పొలం పని లేని కాలంలో టాంకరు నడిపేవాడు. పిడికెడు మట్టి తీసి, ముద్ద చేసి, నడుమెత్తు నుంచి వదిలేవాడు. ముద్ద చతికిలబడితే నీరెక్కువ. పొడైపోతే నీరు చాలలేదు. రెండు మూడు పెళ్ళలుగా విడిపోతే పదును వచ్చినట్టు. సేద్యం చేసేవాళ్ళ మాట అది. వాన వెలిశాక నాగలి దిగడానికి అనువైన తడి ఒక పూటో రెండు పూటలో ఉంటుంది, దాన్ని పదును అంటారు. ఆ తడిలో రోలర్ తొక్కితే నేల గట్టిపడుతుంది, పైన దుమ్ము లేవదు, చక్రం జారదు. మా ఇంజనీర్లు దానికి ఇంగ్లీషు పేరుతో ఒక పరీక్ష చేసేవారు. లెక్క వచ్చేసరికి మరునాడయ్యేది, అదీ మా ముద్ద చెప్పిందే చెప్పేది.

పందెంలో దిగేవాళ్ళలో క్లబ్బు సభ్యుడు కానివాడు ఒక్కడే. వన్‌టౌన్‌లో చిన్న షెడ్డు ఉన్న ముస్లిం మెకానిక్కు. ఆ పెద్దమనుషుల కార్లన్నీ బాగుచేసేది అతనే. తుక్కు కింద పడేసిన ఒక అంబాసిడర్‌ని తనే లేపుకుని తెచ్చాడు. ముందు అద్దం పీకేసి ఇనుప జల్లెడ బిగించాడు. సభ్యుల కార్లు ముందు వరసల్లో, సభ్యుడు కానివాడు అందరికంటే వెనక నిలబడాలని క్లబ్బు రూలు పెట్టింది. అలాంటి రూళ్ళు రాయడంలో వాళ్ళకి సాటి లేదు.

పందేనికి మూడు రోజుల ముందు అతను బాట చూడ్డానికి వచ్చాడు.

"సాబ్, ఒకటడుగుతాను. దుమ్ము లేస్తాదా?"

"ఎందుకు?"

"ముందర తొమ్మిది కార్లండి. దుమ్ము లేసిందంటే నాకేటీ అవుపడదు. మలుపులో ఎవడో అడ్డంగా ఆగిపోయాడనుకోండి, గుద్దేదాకా నాకు తెలీదు. అద్దం కూడా లేదు కదా."

"అయితే మానెయ్యచ్చుగా?"

"వాళ్ళ కార్లు పదేళ్ళ నుంచి నానే సేత్తన్నానండి. వాళ్ళలో ఎవడికీ గేరు మార్చడం రాదు. ఒక్కసారి వాళ్ళెదర తోలాలని."

ఆ కోరిక నాకు న్యాయంగానే తోచింది. "దుమ్ము లేవదు. నాది పూచీ," అన్నాను. నేను జీవితంలో పూచీపడినవి తక్కువ. అందువల్ల ఆ మాట నాకు బరువుగానే ఉండింది.

పందెం ముందురోజు ఉదయానికి నీరు పట్టించడం అయింది. బాట మీద గోనెలు కప్పించి, కార్యదర్శితో చెప్పాను, "రేపు పొద్దుటికి నేలకి పదును వస్తుందండి. ఎవరినీ ముట్టుకోనివ్వకండి." ఆయన గంభీరంగా తలూపాడు. మధ్యాహ్నం నన్ను వేరే సైటుకు పిలిచారు, వెళ్ళాను.

మరునాడు ఏడింటికి వచ్చేసరికి గోనెలు ఒక పక్కన కుప్పగా పడున్నాయి. రెండు మలుపుల మీదా, చూపుకందినంత మేర తిన్నని భాగం మీదా, నల్లటి క్రషర్ చిప్స్ పరిచి ఉన్నాయి. రోడ్లకి వేసే ఆ కంకర ముక్కలు అంచులు తేరి బ్లేడుల్లా ఉన్నాయి.

టాంకరు డ్రైవరు బాట పక్కన గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఎవరు పోశారయ్యా ఇది?"

"ఆ తెల్లబూట్ల బాబే. నిన్న సాయంత్రం రెండు లారీలు తోలించాడంట. నాను రాకముందే అయిపోనాది."

కార్యదర్శి షామియానా దగ్గర కుర్చీలు సర్దిస్తున్నాడు. అడిగాను. ఆయన సంతోషంగానే చెప్పాడు.

"మీరే కదండీ అన్నారు, నేలకి పదును రావాలని. సాయంత్రం వచ్చి చేత్తో రాసి చూశాను. నున్నగా ఉంది. నేల మొత్తం మొద్దుగా ఉంది. ఇలా అయితే టైర్లకి పట్టెక్కడిదని, పదునైనవి చూసి నేనే తెప్పించాను."

ఆయనకు తెలిసిన పదును కత్తికుండేది. వాళ్ళ వంటవాడి కత్తికే అయుండాలి, ఆయన ఏనాడూ దేన్నీ తరిగి ఉండడు. నాలుగు కాలాల పంట తిని పెరిగిన మనిషికి, ఆ పంట పండే నేల మాట ఒక్కటీ తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. "పదును అంటే ఏమిటండీ" అని అడగడానికి ఒక్క నిమిషం పడుతుంది. అడిగితే చిన్నతనమని రెండు లారీల రాయి పోయించాడు.

మెకానిక్కు అప్పటికే వచ్చి ఉన్నాడు. వంగి ఒక చిప్ తీసి బొటనవేలితో అంచు తడిమాడు. "ముందరి చక్రం కింద నుంచి ఇది లేచిందంటే నా జల్లెడలోంచి దూరిపోతాది సాబ్," అన్నాడు.

"భయమైతే అతన్ని విరమించుకోమనండి," అన్నాడు కార్యదర్శి, నాతో. అతను పక్కనే ఉన్నా.

వాదించి లాభం లేదని ఆయన కొత్త టైర్ల గురించి మాట్లాడాను. విదేశం నుంచి తెప్పించుకున్నాడు వాటిని. ఈ రాళ్ళ మీద అవి నాలుగు చుట్లు కూడా తిరగవని చెప్పాను. ఒక మనిషి మొహం గురించి కదలనివాడు టైర్ల కోసం వెంటనే కదిలాడు. గ్రేడరు పెట్టి చిప్సునంతా బయటి అంచుకు గీకించాము. మిగిలినవి కూలీల చేత చీపుళ్ళతో ఊడిపించాము. అయితే దాంతోపాటు తడి ఉన్న పైపొర కూడా లేచిపోయింది. తొమ్మిదిన్నరకి ముద్ద చేసి చూస్తే చేతిలోనే రాలిపోయింది.

మళ్ళీ నీరు చల్లాలి, అది ఇంకే వరకు ఆగాలి. టాంకరు రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టు మొదలవగానే కార్యదర్శి పరుగున వచ్చాడు.

"చాలు చాలు. పదిన్నరకి ముఖ్య అతిథి వస్తారు. ఇంకా తడిపితే బురద షామియానా మీద పడుతుంది. టాంకరు తీసెయ్యండి, సమయానికి మొదలుపెట్టాలి."

"గంటన్నర ఆగాలండి. ఇప్పుడు కార్లు తిరిగితే పైపొర చెక్కలుగా లేచి, రెండో చుట్టుకే దుమ్మవుతుంది."

"మాకేం పరవాలేదు."

నిజమే, వాళ్ళకేం పరవాలేదు. దుమ్ము లేపేవాడికి దుమ్ము కనపడదు. అది తొమ్మిది కార్ల వెనకనున్నవాడి కళ్ళలోకి పోతుంది.

టాంకరు నెమ్మదిగా వచ్చి, పందెం మొదలయ్యే తెల్ల గీత మీద, బాటకి అడ్డంగా ఆగింది. ఇంజన్ ఆగిపోయింది. డ్రైవరు దిగి తలపాగా విప్పి దులుపుకున్నాడు. ఆపమని నేను చెప్పలేదు. అతనూ నా వైపు చూడలేదు.

"ఏమైంది?" అన్నాడు కార్యదర్శి.

"కదల్దండి బాబూ."

"కదలదంటే?"

"బండి కదా బాబూ, ఒకోపాలి కదల్దు."

తెల్ల ప్యాంట్ల సభ్యులు పదిమంది కలిసి తొయ్యడానికి దిగారు. హ్యాండ్ బ్రేకు వేసి ఉందేమోనని వాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. పదిమందీ మోటారు క్లబ్బు సభ్యులే. తడి నేల మీద బూట్లు జారి ఇద్దరు మోకాళ్ళ మీద పడ్డారు. అప్పుడు కార్యదర్శికి గుర్తొచ్చింది, అక్కడ ఒక మెకానిక్కు ఉన్నాడని. పొద్దున్న విరమించుకోమన్నవాణ్ణే కేకేసి పిలిచాడు.

మెకానిక్కు వచ్చి బానెట్ ఎత్తాడు. నేను దగ్గర్లోనే ఉన్నాను, అతనూ టాంకరు డ్రైవరూ వరసలు కలుపుకుని మాట్లాడుకునేది వినపడుతూనే ఉంది.

"ఏటైంది బావా?"

"ఏటీ అవలేదు బావా. గంటన్నర పనుంది."

"గంటన్నరే?"

"ఎండ బాగా కాస్తే గంటా పావు."

మెకానిక్కు గుడ్డ పరిచి ఒక్కొక్క నట్టూ విప్పి వరసగా పేర్చడం మొదలుపెట్టాడు. డీజిల్ లైన్లో గాలి పట్టిందని కార్యదర్శికి చెప్పాడు. ఆయన "ఆఁ, నేనూ అదే అనుకున్నాను," అన్నాడు. ముఖ్య అతిథి వచ్చి షామియానా కింద సోడా తాగుతూ కూర్చున్నాడు. ఆయన ముందు కార్యదర్శి మూడుసార్లు డీజిల్ లైను గురించి ఉపన్యసించాడు.

నేను బాట చుట్టూ నడుస్తూ ముద్దలు చేస్తూ ఉన్నాను. మొదట మట్టి వేళ్ళకి అంటుకుంది. తర్వాత ముద్ద చతికిలబడింది. పన్నెండు దాటాక మూడు పెళ్ళలుగా విడిపోయింది. తూర్పు మలుపు దగ్గర మాత్రం కాస్త పొడిగా తగిలింది. మూడో చుట్టు నీరు అక్కడిదాకా రాలేదు. దానికి చెయ్యగలిగింది లేదు.

వచ్చి టాంకరు దగ్గర నిలబడి, "పదును వచ్చింది," అన్నాను.

మెకానిక్కు నట్లన్నీ అయిదు నిమిషాల్లో బిగించాడు. టాంకరు మొదటి దెబ్బకే స్టార్టయింది.

"ఇప్పుడా?" అన్నాడు కార్యదర్శి నావైపు తిరిగి. "చిప్స్ తీసేశాక పదును ఎలా వచ్చిందండీ?"

టాంకరు డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చి నవ్వు ఆపుకుంటున్నాడు. నేను ఎండ వల్ల అని చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు.

పందెం పది చుట్లు. దుమ్ము లేవలేదు. వెనక నుంచి ఆ పాత అంబాసిడర్ ఒక్కొక్క కారునూ మలుపు లోపలి అంచున దాటుకొచ్చింది. కార్యదర్శి కారు నాలుగో చుట్టులో ఎవరూ తగలకుండానే గిర్రున తిరిగి వెనక్కి చూస్తూ ఆగింది. అది సరిగ్గా మలుపు మధ్యలో. అంబాసిడర్ దాన్ని దూరం నుంచే చూసి, పక్కకి తప్పుకుని, వేగం తగ్గకుండా వెళ్ళిపోయింది. కార్యదర్శి తలుపు తీసుకుని బయటికి రాబోతున్నాడప్పుడు. తనని గుద్దకుండా దాటిపోయిన కారు ఎవరిదో ఆయన గమనించినట్టు లేదు.

ఎనిమిదో చుట్టుకు అంబాసిడర్ రెండో స్థానంలో ఉంది. అప్పుడు తూర్పు మలుపులో ఎర్రటి పొగలా కొంచెం లేచింది. అతను అక్కడ వేగం తగ్గించాడు, ఒక కారు దాటిపోయింది. మూడో స్థానంలో ముగించాడు.

బహుమతుల సభలో కార్యదర్శి పదునైన నేల తయారుచేయించడానికి తాను పడిన శ్రమ గురించి మాట్లాడాడు. మూడో బహుమతి "ఒక స్థానిక డ్రైవరు" అని చదివి పేరు చదవలేదు. పదేళ్ళుగా తన కారు బాగుచేసినవాడి పేరు ఆయనకు తెలియదనుకుంటాను.

కార్లన్నీ వెళ్ళాక మెకానిక్కు నా దగ్గరికొచ్చాడు. మొహం మీద చెమట తప్ప మట్టి లేదు.

"ఆ మూల కొద్దిగా లేసింది సాబ్."

"అవును. అక్కడ నీరు చాలలేదు. నా తప్పే."

"లేపోతే రెండోది నాదే."

"నీదే," అన్నాను.

అతను అంబాసిడర్ బానెట్ ఎత్తి, రేడియేటర్‌లో నీళ్ళు చూసుకోవడం మొదలుపెట్టాడు. టాంకరు డ్రైవరు వెనక నుంచి గొట్టం పట్టుకొచ్చి, "పట్టు బావా, ఇంకా సగం టాంకు ఉండిపోనాది," అన్నాడు. ఆ సగం టాంకు తూర్పు మలుపులో పడవలసిన నీరు.