వసుమతి టీచర్ అతికించిన ముగింపులు

నాంపల్లిలో ఒక చిన్న ప్రైవేటు బడి. అందులో లైబ్రరీ అని బోర్డున్న గదికి పందొమ్మిదేళ్లుగా వసుమతే టీచరు. ఆదివారమొస్తే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పల ముందు గొంతుక్కూర్చునేది. రాకుమార్తెల బొమ్మలున్నవి ఎవరో ఒకరు ఎగరేసుకుపోతే, ఎవరూ ముట్టని ఇంగ్లీషు పుస్తకాలు ఆమెకు మిగిలేవి. ఒక జాతినంతా ఊచకోత కోస్తుంటే పారిపోయిన పిల్లల కథలు, శరణార్థుల గుడారాల్లో పెరిగిన పిల్లల కథలు. ఇవి మన పిల్లలకు కూడా తెలియాలని మోసుకొచ్చేది. ఆ మాత్రం మనసు ఎందరికుంది చెప్పండి?

ఆ మనసే దుంప తెంచింది. పిల్లల ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి ప్రతి పేజీలోనూ తెలుగులో రాసిన చీటీ అతికించేది. అంతా ఉన్నదున్నట్టే రాసేది, చివరి పేజీ తప్ప. అక్కడ పిల్ల ఒంటరిగా మిగిలిందని రాయడానికి ఆమెకు చేతులు వచ్చేవి కావు. దాంతో చచ్చిపోయిన నాయనమ్మ బతికేది, తగలబడిన ఊరు మళ్లీ లేచేది, అందరూ ఇల్లు చేరేవారు. లేకపోతే పసివాళ్లు ఏడుస్తారట. మహా దయగల తల్లి! ఏడిస్తే ఓదార్చడానికి తాను అక్కడే లేదా?

మూడో తరగతి జమున ఒక పుస్తకాన్ని వదిలేది కాదు. సైనికులు ఊరు తగలబెడితే మేకపిల్లను ఎత్తుకుని ఏరు దాటిన పిల్ల కథ అది. జమున వాళ్ల ఊరు రిజర్వాయరు కింద పోయింది. తండ్రి బాలమల్లు ఇప్పుడు గన్‌ఫౌండ్రీలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. ఈ సంగతి వసుమతికి తెలుసు. తెలిసీ, ఆ పిల్ల అడిగినప్పుడల్లా చివరి చీటీ చదివి వినిపించేది.

ఒక శుక్రవారం జమున బడికి రాలేదు. సంచిలో రెండు గౌన్లు పెట్టుకుని, గౌలిగూడ దాటి, బస్టాండులో ఊరి బస్సు కోసం నిలబడింది. కండక్టరు ఆపి అడిగితే, ఇంట్లో నాయనమ్మ తన కోసం చూస్తుంటుందని చెప్పిందట. ఊరు ఖాళీ చేసిన ఏడాదే ఆ ముసలమ్మ పోయింది.

కబురందుకున్న బాలమల్లు బస్టాండు నుంచి కూతురిని తీసుకుని నేరుగా లైబ్రరీకి వచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"మా ఊరు నీళ్లల్ల ఉన్నది మేడం. ఎన్నిసార్లు చెప్పినా, మల్ల ఇంటికి పోతరని టీచర్ బుక్కుల రాసున్నది అంటది. జర మీరే చెప్పున్రి. నా మాట ఇంటలేదు."

వసుమతి ఆ మేకపిల్ల పుస్తకం అందుకుంది. చివరి పేజీ తీసి, చీటీని గోటితో గీకేసి, దాని కింద ఉన్న ఇంగ్లీషును తెలుగులో చెప్పింది. నాయనమ్మ లేదు. ఊరు లేదు. ఆ పిల్ల గుడారంలోనే పెద్దదయింది.

జమున ఏడవలేదు. ఆ కాగితం ఎవరు అతికించారని అడిగింది.

"నేనే బిడ్డా. ఏడుస్తవని."

జమున బీరువా వైపు చూసింది.

"అన్నిట్ల గూడ గట్లనే రాసిన్రా?"

"ఔ" అంది వసుమతి.

నెల రోజులు కూర్చుని అన్ని పుస్తకాల్లోనూ పాత చీటీలు పీకి, ఉన్నది ఉన్నట్టు మళ్లీ రాసింది. జమున ఇప్పటికీ తరగతితో పాటు వస్తుంది. పీరియడంతా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఏ పుస్తకం చేతికిచ్చినా తీసుకోదు.

"వద్దు టీచర్. అది మీరు రాసింది గదా" అంటుంది.